గన్నేరు కోడలు

నా మొగుణ్ణి నేనే చంపానని మా అత్తగారు రోజూ చెబుతుంది. అందరికీ కాదు, టికెట్టు కొన్నవాళ్ళకే. ఆ టికెట్టు చింపి ఇచ్చేది కూడా నేనే.

మాది విషపు తోట. ఎత్తయిన ఇటుక గోడ, ఇనుప గేటు, దాని మీద పుర్రె బొమ్మ. మామగారి తాత మందులు చేసేవాళ్ళకు వేళ్ళూ గింజలూ పంపడానికి వేసిన తోట ఇది. ఆ మందులు ఫ్యాక్టరీల్లోనే తయారవడం మొదలయ్యాక వేళ్ళు అడిగేవాడు లేక, చూడవచ్చేవాళ్ళ కోసం తెరిచారు. లోపల ఉమ్మెత్త, వత్సనాభి, గురివింద, విషముష్టి, అడవినాభి. గోడ పొడుగునా గన్నేరు. తొడుగుల్లేకుండా దేన్నీ ముట్టుకోం. ఉమ్మెత్త కోసిన కత్తెరను గన్నేరు దగ్గరికి రానివ్వం. ఆకు చూస్తే చాలు, బెరడు గీరి వాసన చూసినా చాలు, అది ఏ మొక్కో మా ఇంట్లో ఎవరైనా చెప్పేస్తారు. ఆ సంగతి మాకు బాగా తెలుసు కూడా. అంత గీర మాకు. మా కొంప ముంచింది ఆ గీరే.

చూడవచ్చినవాళ్ళను వెంటేసుకుని తోటంతా తిప్పేది అత్తగారే. చేతిలో పొడుగాటి బెత్తం, గొంతులో తేనె. పిడికెడు వేరు చూపించి, పూర్వం ఒక దేశంలో ఇలాంటి వేరును పీకితే అది కేక పెడుతుందనీ, ఆ కేక విన్నవాడు అక్కడికక్కడే చస్తాడనీ, అందుకని కుక్క తోకకు తాడు కట్టి లాగించేవారనీ చెబుతుంది. “మరి కుక్కో?” అని ఎవరో ఒకరు అడుగుతారు. “కుక్కదేముంది బాబూ, ఇంకో కుక్క దొరుకుతుంది” అంటుంది. నవ్వుతారు. కళ్ళు పెద్దవిగా కనబడాలని పసరు వేసుకుని చూపు పోగొట్టుకున్న అందగత్తెల గురించి, పసితనం నుంచి చిటికెడు చిటికెడు విషం తినిపించి రాజులు పెంచిన విషకన్యల గురించి చెబుతుంది. విషకన్యల దగ్గర మగవాళ్ళు ముందుకు జరుగుతారు. వయసుతో పని లేదు.

గన్నేరు దగ్గరికి వచ్చేసరికి ఆవిడ గొంతు తగ్గుతుంది.

“ఇది రాజుల కాలం నాటి కథ కాదు నాయనా. ఒక ఇంట్లో ఒక కోడలుండేది. మొగుడు బంగారం లాంటివాడు. రాత్రి పాలల్లో ఈ ఆకు పిండి ఇచ్చింది. పొద్దున్నకి గుండె ఆగింది. డాక్టరు కూడా కనిపెట్టలేకపోయాడు. ఆ కోడలు దర్జాగా తిరుగుతూనే ఉంది.” ఇంత చెప్పి కొంగుతో కళ్ళు తుడుచుకుంటుంది. పేరు చెప్పదు. బెత్తం మాత్రం నెమ్మదిగా నా టికెట్ల కిటికీ వైపు తిరుగుతుంది. ముప్ఫై తలకాయలు ఒక్కసారి నా వైపు తిరుగుతాయి.

మొదట్లో చచ్చిపోవాలనిపించేది. తర్వాత అలవాటయింది. అలవాటయిందని తెలిశాక ఇంకా ఏడుపొచ్చింది. ఒకసారి కొత్త పెళ్ళికొడుకొకడు కిటికీ దగ్గరికి వచ్చి, “మేడమ్, మా ఆవిడతో ఒక ఫోటో దిగుతారా? సరదాకి” అన్నాడు. పెళ్ళికూతురు సిగ్గుపడుతూ నా పక్కన నిలబడింది. దిగాను. ఊళ్ళో నాకు “గన్నేరు కోడలు” అనే పేరు ఖాయమైపోయింది. కూరగాయల కొట్టువాడికి కూడా నా అసలు పేరు గుర్తులేదు.

మా ఆయన పాలు తాగి పోలేదు. పుల్ల నమిలి పోయాడు.

పిల్ల పుట్టిందని సిగరెట్టు మానేశాడు. నేను పోరితే మానేశాడు. నోరు ఊరుకోక జామపుల్లలు నమిలేవాడు. వాళ్ళమ్మ మురిసిపోయి, తనే పుల్లలు కోసి, బెరడు చెక్కి, వేలెడు ముక్కలు చేసి డబ్బాలో పోసిచ్చేది. అదే పీట మీద, అదే కత్తితో గన్నేరు కొమ్మలు కూడా చెక్కేది. మా తోటలో మొక్కల పేర్లు తగిలించే పుల్లలు గన్నేరువే, వాటికి చెద పట్టదు. గన్నేరు చెక్కగానే ఆ కట్టకు ఎర్రదారం కట్టాలి. మా ఇంటి పద్ధతి అది, అత్తగారికి వాళ్ళత్తగారు నేర్పింది. ఆ రోజు చెక్కుతుండగా బయట బస్సు ఆగింది. జనం దిగారు. దారం కట్టకుండానే లేచి కథలు చెప్పడానికి పరిగెత్తింది. తిరిగొచ్చి డబ్బా నింపింది. ఏ కుప్పలోంచి నింపిందో చూసుకోలేదు.

ఆకుంటే ఆయన పోల్చేవాడు. బెరడుంటే పోల్చేవాడు. పువ్వుంటే సరేసరి. చెక్కేశాక ఏ పుల్లయినా తెల్లగా పుల్లలాగే ఉంటుంది. పైగా అమ్మ ఇచ్చింది.

“చేదుగా ఉందేంటమ్మా ఇది?” అన్నాడు. నేను బట్టలు ఆరేస్తూ విన్నాను.

“సిగరెట్టు మరిగిన నోరురా అది. అమృతం పోసినా చేదే. నములు” అంది.

నమిలాడు. సాయంత్రానికి వాంతులు, మర్నాటికి మనిషి లేడు. గుండె ఆగిపోయిందని డాక్టరు రాసిచ్చాడు. చచ్చినవాడు ఎవడికి ఆగదు? అంతా అయ్యాక అత్తగారు ఆ డబ్బా తీసుకెళ్ళి పొయ్యిలో కుమ్మరించింది. నేను గుమ్మంలో నిలబడి చూశాను. ఆవిడా నన్ను చూసింది. కొడుకు పోయిన మనిషి, ఏమని నిలదీస్తాను? చంకలో పాలు తాగే పిల్ల, పుట్టింట్లో తలుపు తీసేవాళ్ళు లేరు. నోరు మూసుకున్నాను. ఆవిడ మాత్రం మూసుకోలేదు. మీ అబ్బాయి ఎలా పోయాడమ్మా అని ఎవరో అడిగితే, “నా కోడల్ని అడగండి” అంది. ఆ ఒక్క ముక్కకు రోజుకో ఆకు తొడిగి కథ చేసింది. మొక్కలు పెంచే చెయ్యి కదా.

ఇవన్నీ భరించాను. భరించలేనిది ఒక్కటే, నా కూతురు. దానికి ఏడేళ్ళు. ఇంట్లో అందరం బుడంకాయ అంటాం. అది నా గురించి ఏమనుకుంటూ పెరుగుతుందోనన్నదే నా బెంగ.

ఒక మధ్యాహ్నం వరండాలో అది బొమ్మల్ని వరసగా నిలబెట్టి పుల్లతో చూపిస్తోంది. “ఇదిగో, ఈవిడే మా అమ్మ. మా నాన్నకి పాలల్లో కలిపి ఇచ్చింది. ముట్టుకోకండి, వెనక్కి జరగండి.” గొంతు అచ్చం వాళ్ళ నాన్నమ్మదే.

“నేనంటే భయం లేదుటే నీకు?” అన్నాను.

“నాకెందుకూ? నేను నీ మొగుణ్ణి కాదుగా” అని నవ్వి, వచ్చి నా ఒళ్ళో కూర్చుంది. దానికి అదేమీ పెద్ద సంగతి కాదు. వాళ్ళమ్మ హంతకురాలు, అంతే.

నేరుగా కొట్టంలోకి వెళ్ళాను. అత్తగారు కత్తెర్లు తుడుస్తోంది.

“ఆ కథ ఇక ఆపండి అత్తయ్యా.”

“ఆపితే ఆకులు చూడ్డానికి ఎవడొస్తాడే?”

“పిల్ల నమ్ముతోంది.”

“నమ్మనీ. ఎవరో ఒకరు చంపారనుకోవాలిగా.”

“ఎవరు చంపారో మీకు తెలీదా?”

ఆవిడ చెయ్యి ఆగింది. నా వైపు చూడలేదు. “నీకు వయసుంది. మోస్తావు. నేను మొయ్యలేను” అంది. ఆ గొంతులో తేనె లేదు. జాలి కలగాల్సింది. కలగలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఏడేళ్ళు నా నెత్తిన పెట్టిన బరువు, ఇక ముందు కూడా నువ్వే ఉంచుకో అన్నంత సులువుగా చెప్పింది.

ఆదివారం జనం కిటకిటలాడారు. బడి లేదు కాబట్టి బుడంకాయ కూడా నాన్నమ్మ కొంగు పట్టుకుని తిరుగుతోంది. గన్నేరు దగ్గర ఆవిడ గొంతు తగ్గించగానే నేను కిటికీ మూసి వెళ్ళి మధ్యలో నిలబడ్డాను.

“ఆ కోడల్ని నేనే” అన్నాను. “మిగతాది నేను చెబుతాను.”

చెప్పాను. పీట, కత్తి, జామపుల్లలు, గన్నేరు పుల్లలు, కట్టని దారం. “చేదుగా ఉందన్నాడు. నమలమంది. నమిలాడు” అన్నాను. ఇన్నేళ్ళుగా ఆవిడ చెప్పే తీరు వింటున్నాను కదా, ఎక్కడ ఆగాలో, ఎక్కడ తగ్గించాలో నాకూ పట్టుబడింది. అది తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకే అసహ్యం. అప్పుడు మాత్రం హాయిగా ఉంది.

అత్తగారు అక్కడే మట్టిలో కూలబడింది. కాదనలేదు. “అమృతం పోసినా చేదేనన్నాను, నా నోటితో నేనే అన్నాను” అని మాత్రం అంది. ముప్ఫై తలకాయలు ఈసారి ఆవిడ వైపు తిరిగాయి. ఎవరో ఫోన్ పైకెత్తారు. వెనకనుంచి ఒకాయన, “ఇదే బాగుందండీ, పాల కథ కన్నా” అన్నాడు. లోపల ఏదో తియ్యగా కరిగింది నాకు. ఆవిణ్ణి ఎవరూ లేపలేదు. నేనూ లేపలేదు.

సాయంత్రం ఆవిడ గది తలుపు వేసుకుంది. నేను చాలా కాలానికి మనసు పెట్టి వంట చేశాను. పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని ముద్ద కలిపి నోటికి అందించాను. అది నోరు తెరవలేదు. ముద్ద వైపు చూసింది, నా వేళ్ళ వైపు చూసింది.

“తినవే.”

తల అడ్డంగా ఊపింది.

“ఏమైందే? విన్నావుగా, నాన్నని నేను చంపలేదు.”

“తెలుసు” అంది. “నాన్నని చంపింది వాళ్ళమ్మ.”

వెనక్కి జరిగి, గోడకు ఆనుకుని కూర్చుంది. నేను ముద్ద నా నోట్లో పెట్టుకుని, నమిలి, మింగి చూపించాను. రెండో ముద్ద కలిపాను. అది రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.