గొట్టం ఎవరిది?

నేను ఒక నీళ్ల బండిని. నాలుగు ఇనుప చక్రాలు, నడుమ ఒక చెక్క తొట్టి, దాని మీద ఒక చేతిపంపు, రెండు పక్కలా పొడవాటి మీటలు. ఇటు నలుగురు, అటు నలుగురు లేస్తూ వంగుతూ ఆ మీటలు కొడితే నీళ్లు తాటిచెట్టంత ఎత్తు లేచేవి. ఇప్పుడు చీమ దాహం కూడా తీర్చలేను. అయినా ఇంత గౌరవం నాకు ఎన్నడూ దక్కలేదు. మనుషుల గౌరవాలు ఇలాగే ఉంటాయి. పనిచేసేవాడిని ఎండలో వదిలేసి, పని ఆగిపోయాక అద్దాల గది కట్టిస్తారు.

ఒక పత్తి మిల్లువాళ్లు నన్ను కొని, వాడి, విసుగొచ్చి పారేశారు. మగ్గాలపేట నేతగాళ్లు ఎడ్లబండికి కట్టి తెచ్చుకున్నారు. పేటంతా తాటాకు ఇళ్లు, ఇంటినిండా నూలు. ఎండాకాలం వచ్చిందంటే ప్రతి పొయ్యినీ అనుమానంగా చూసేవారు. అందుకని వాళ్లలో వాళ్లే ఒక జట్టు కట్టుకున్నారు. రాతకోతల్లో దాని పేరు అగ్నిమాపక సేవాదళం. నోటిమాటలో నీళ్ల జట్టు. నాకు గొట్టం లేకపోతే మగ్గం మీద వాళ్లే నేశారు, ఎక్కడా కుట్టు లేకుండా. మొదట కాస్త చెమర్చేది. నూలు తడిసి ఉబ్బాక చుక్క కారేది కాదు. మనుషులు చేసిన వాటిలో నేను మెచ్చుకునే కొద్దిపాటి వస్తువుల్లో అదొకటి.

మంట దగ్గర వాదులాట ఉండకూడదని జట్టు ఒక పద్ధతి పెట్టుకుంది. ఆడవాళ్లు బావుల నుంచి బిందెలతో తెచ్చి తొట్టి నింపగానే, మీట దగ్గర ఉన్న కోటిలింగం గొంతెత్తి అడిగేవాడు.

"గొట్టం ఎవరిది?"

"నాంచారయ్యది!" అని అందరూ అనేవారు.

"నీళ్లెక్కడికి?"

"పక్కింటికి!"

అంటుకున్న తాటాకిల్లు ఎన్ని నీళ్లు పోసినా దక్కదు. దాని పక్కిల్లు దక్కుతుంది. కాబట్టి కాలే ఇంటివాడు గొట్టం ముట్టకూడదు, ఎంత ఏడ్చినా. ఏడ్చేవాడి ఎదుట ఏడవకుండా నిలబడగలవాడని గొట్టం నాంచారయ్యకు ఇచ్చారు.

ఒక వేసవి మధ్యాహ్నం షావుకారు పానకాలయ్య నూలు గోడౌను అంటుకుంది. పేటకంతా నూలు ఇచ్చేది ఆయనే. గాలి గోడౌను మీదుగా ఇళ్ల వరసలోకి కొడుతోంది. కోటిలింగం అడిగాడు, జట్టు బదులు చెప్పింది, నాంచారయ్య ఇళ్ల కప్పులు తడపడం మొదలుపెట్టాడు. షావుకారు పంచె ఎగ్గట్టి పరుగెత్తుకొచ్చి గొట్టం పట్టుకున్నాడు.

"నా సొత్తు తగలబడిపోతంటే ఆ పాకల మీద పోస్తావేంట్రా? నీకు నూలెవడిస్తన్నాడ్రా?"

"తవరే ఇస్తన్నారండి. పక్కకి జరగండి, కప్పులు ఆరిపోతన్నాయి."

ఆయన జరగలేదు. నలుగురు పట్టుకుని లాగారు. గోడౌను బూడిదైంది. పేటలో ఒక్క కప్పూ అంటుకోలేదు.

మర్నాటి నుంచి నాంచారయ్యకు నూలు లేదు. షావుకారును లాగిన నలుగురికీ ఉంది, ఎందుకంటే వాళ్లు వెళ్లి కాళ్లు పట్టుకున్నారు. అతను తడిపి నిలబెట్టిన కప్పుల కిందే కూర్చుని, "మనిషి మంచోడేగానీ కాస్త దుడుకు" అని చెప్పుకున్నారు. ఆ మాట నన్ను నిలిపి ఉంచే చావిట్లోంచి విన్నాను. ఇనుము తుప్పు పడితే కనిపిస్తుంది. మనుషులకు ఆ సౌకర్యం లేదు. నాంచారయ్య మగ్గం మూలపడింది. భార్య తిరపతమ్మ ఊళ్లోవాళ్లకు నూలు కండెలు చుట్టి ఇల్లు గడిపింది. అయినా ముసలివాడయ్యేదాకా ఎక్కడ పొగ లేచినా అతను వచ్చేవాడు. గొట్టం అతనిదే, దాన్ని ఎండబెట్టేదీ అతనే.

పోయిన శ్రావణంలో అతను పోయాడు. నాకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. నా గొట్టాన్ని ఎండబెట్టడానికి ఎవరూ రాకపోతే తెలిసింది.

తరవాత నీళ్ల జట్టు చరిత్రకు ఉత్సవం చేయాలని పేటకు బుద్ధి పుట్టింది. ఉత్సవ సంఘానికి అధ్యక్షుడు, పానకాలయ్య మనవడు హరనాథ్. నాకు ఎర్రరంగు వేయించాడు. మీటల కీళ్లకూ వేయించాడు, ఇక అవి కదలవు. వాసనొస్తున్నాయని లోపలి తోలు వాషర్లు పీకి పారేయించాడు. నా ఇత్తడి మూతికి బంతిపూల దండ వేశాడు.

ఉత్సవం రోజు పొద్దున్నే తిరపతమ్మ అతని దగ్గరకు వచ్చింది. "ఆయన పేరు ఒక్కసారి మైకులో చదివించు బాబూ. ఇంకేం వద్దు."

"అయ్యో, తప్పకుండా మామ్మగారూ."

సభలో హరనాథ్ చాలాసేపు మాట్లాడాడు. "గోడౌను మండిపోతున్నా మా తాతగారు చలించలేదు. ముందు పేదల ఇళ్లు తడపండి అని ఆజ్ఞాపించారు!" చప్పట్లు మోగాయి. షావుకారును లాగినవాళ్ల కొడుకులు అందరికంటే గట్టిగా కొట్టారు. తరవాత అతను దాతలకు, షామియానావాళ్లకు, ఉప్మా వండినవాళ్లకు పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పాడు. తిరపతమ్మ ప్రతి పేరుకూ కొంచెం ముందుకు వంగి, మళ్లీ వెనక్కి జరిగింది. చివరకు "సభ్యుల కుటుంబాలకు సన్మానం" అని పిలిచి ఆమెకు శాలువా కప్పారు.

"పేరు చదవలేదు బాబూ."

"టైం లేదు మామ్మగారూ. ఫొటో, ఇటు చూడండి."

ఆమె ఫొటో వైపు చూడలేదు. వేదిక మెట్లు దిగి, కింద నిలబెట్టిన నా దగ్గరకు వచ్చింది. శాలువా తీసి నా తొట్టి మీద వేసింది. మీట మీద చెయ్యి వేసి నొక్కితే కదల్లేదు. "నీక్కూడా నోరు కట్టేశారా" అంది, నాకు మాత్రమే వినిపించేటట్టు.

అప్పుడు వెనక వరసలో చేతికర్ర పట్టుకుని ఒక ముసలాయన లేచాడు. కోటిలింగం.

"గొట్టం ఎవరిది?"

ఎవరో కుర్రవాళ్లు నవ్వారు. అతను మళ్లీ అడిగాడు, ఈసారి మీట దగ్గర నిలబడి అడిగే గొంతుతో. ముందుగా పలికింది ఆడవాళ్లు, ఒకప్పుడు బిందెలు మోసినవాళ్లు.

"నాంచారయ్యది!"

"నీళ్లెక్కడికి?"

"పక్కింటికి!"

"వినపడిందా వదినా?" అన్నాడు కోటిలింగం. తిరపతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తలూపింది.

హరనాథ్ మైకు అందుకున్నాడు. "అద్భుతం! ఇది మన పేట జానపదం. ఇంకోసారి అనండి, వీడియో తీయిస్తాను." మరోసారి అన్నారు. తాత గురించి తను చెప్పింది అబద్ధమని అందరూ తన మొహం మీదే చెబుతున్నారని తెలియక, తాళం వేసి మరీ అనిపించాడు. చదువుకున్న మనవడు.

ఇప్పుడు నేను పంచాయతీ ఆఫీసు ముందు అద్దాల గదిలో ఉన్నాను. పక్కన పాలరాతి మీద పానకాలయ్య త్యాగం చెక్కించారు. నాంచారయ్య పేరు లేదు. దారిన పోయేవాళ్లు చదివి, త్యాగానికి దండం పెట్టి, గుట్కా ఉమ్మి వెళ్తారు.

తిరపతమ్మ సాయంత్రాలు వచ్చి అద్దం ముందు నిలబడుతుంది. పాలరాతి వైపు చూడదు.

"గొట్టం ఎవరిది?" అని నన్ను అడుగుతుంది.

నాకు నోరు లేదు. జవాబు తనే చెప్పుకుని, ఇంటికి వెళ్తుంది.