వెయ్యోవంతు క్రిమి

మా బాబాయికి యాభై రెండేళ్లకు పెళ్లి కుదిరింది. కుదిర్చింది మలేరియా. రక్తపరీక్షకని వెళ్లి, పరీక్ష చేసిన ల్యాబావిడ మీదే మనసు పారేసుకున్నాడు. ఆయన ఒంట్లో ఉన్నవి ఒకటి కాదు, రెండు రకాల క్రిములని కనిపెట్టింది ఆవిడే. "ఇన్నాళ్లకి నన్ను ఒకరు ఇంత శ్రద్ధగా చూశారు" అని తెగ మురిసిపోయాడు.

ఆ రెండు రకాలకూ లెక్కలు కట్టడమే నా ఉద్యోగం. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు కదా. ఒకటి రక్తంలో చెలరేగుతుంటే రెండోది కాలేయంలో నక్కి కూర్చుని, మొదటిది మందులకు చచ్చాక బయటికొస్తుంది. ఎప్పుడొస్తుందో నా సమీకరణాలు చెబుతాయి. బాబాయి రిపోర్టులు వాటిలో వేసి చూశాను. మళ్లీ జ్వరం వచ్చేది సరిగ్గా రిజిస్ట్రారాఫీసులో పెళ్లి రోజునే అని కంప్యూటరు తేల్చింది.

నా నోరు ఊరుకుంటుందా, చెప్పేశాను. బాబాయి ఆ పూటే పెళ్లి వాయిదా వేశాడు.

"సైన్సుకి ఎదురెళ్లకూడదమ్మా" అన్నాడు.

మర్నాడు ల్యాబావిడ నేరుగా మా ఆఫీసుకొచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"పద్నాలుగు రోజులూ కాలేయం మాత్రలు నేనే దగ్గరుండి మింగించాను. మీ లెక్కలో ఇంకా ఎన్ని మిగిలాయి?"

చూశాను. "వెయ్యోవంతు."

"దేంట్లో?"

"ఒక క్రిమిలో."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "ఇరవై ఏళ్లుగా మైక్రోస్కోపులో చూస్తున్నాను. క్రిమి ముక్కకి జ్వరం వచ్చినవాణ్ణి ఇంతవరకూ చూడలేదు."

సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. సమీకరణాల్లో అంకెలు తగ్గుతూ పోతాయే గానీ, వాటంతట అవి సున్నా అని ఒప్పుకోవు. ఒకటి కంటే తగ్గితే చచ్చినట్టే లెక్క అని రాయాల్సింది నేను. మరిచిపోయాను. ఆ ముక్కే పెరిగి పెరిగి మళ్లీ కోట్లయింది. ప్రోగ్రాములో ఆ ఒక్క వరుస చేర్చగానే జ్వరం మాయమైంది.

వెంటనే స్పీకరు పెట్టి బాబాయికి ఫోన్ చేశాను. ఎగిరి గంతేస్తాడనుకుంటే గొంతు తగ్గించాడు.

"ఆ ముక్కని అలా ఉండనివ్వకూడదా అమ్మా" అన్నాడు. "ఒక్కణ్ణే ఉండటం అలవాటైపోయింది. ఆవిడ రోజూ చూస్తే నేనేపాటి మనిషినో తెలిసిపోతుంది. భయంగా ఉంది."

నాకు జాలేసింది. ఫోను ఆవిడ చేతికిచ్చాను.

"భయమైతే భయమనే చెప్పండి, జ్వరమని కాదు" అంది ఆవిడ. "నాకూ భయంగానే ఉంది. పాత తేదీకే పదింటికి వచ్చేయండి. ఇద్దరం కలిసే భయపడదాం."

బాబాయి తొమ్మిదిన్నరకే వచ్చాడు, ఒళ్లంతా చెమటలతో, వణుకుతున్న చేతులతో. మేమెవరమూ ఆయన నుదురు తాకి చూడలేదు.