బస్సుకి రెండో పక్క

ఏటవాలన్నకి ఆ పేరు ఊరికే రాలేదు. బోర్డులు రాసే మనిషి. ఆయన చేతిలో అక్షరం ఏనాడూ నిటారుగా నిలబడి ఎరగదు. లావుపాటి గీత, ఇరుకైన ఒళ్లు, ముందుకు వాలిన నడక. చివర్లలో తోకలూ లేవు, సొగసులూ లేవు. గీత ఎంత లావుగా మొదలవుతుందో అంత లావుగానే తెగుతుంది. అలాంటి అక్షరాలతో పుస్తకం అచ్చేస్తే రెండో పేజీకే తల పగిలిపోతుంది. వీధి అటు చివర్నుంచి చదవాలంటే మాత్రం అవే ఉండాలి.

ఆ అక్షరాల్ని కంప్యూటర్లోకి ఎక్కించి ఫాంటుగా మార్చింది చెల్లెలు. అన్నయ్య కాగితం మీద గీస్తే, పక్క బల్ల దగ్గర కూర్చుని ఆవిడ ఒక్కో వంపూ సరిచేసేది. రోజంతా పోట్లాటే. "నీ 'క'కి కడుపు ఎక్కువైంది అన్నయ్యా" అని ఈవిడ, "నీకు బుర్ర తక్కువైంది" అని ఆయన. చివరికి సిటీ బస్సుల కంపెనీ ఆ ఫాంటు తమకి కావాలంది. ప్రతి బస్సు మీదా ఈ చివర్నుంచి ఆ చివరికి 'నగర సర్వీసు' అని వేయిస్తారట. ఏటవాలన్న ఎగిరి గంతేశాడు. అంతలోనే పేచీ పెట్టాడు.

"బస్సుకి ఎన్ని పక్కలండీ?" అన్నాడు డిపో మేనేజరుతో.

"రెండు."

"ఒక పక్క నా అక్షరాలు బస్సుతోపాటే కుడికి, అంటే ముందుకు వాలతాయి, బానే ఉంటుంది. రెండో పక్క బస్సు మొహం ఎటుంది? ఎడమకి. అక్కడా ఇవే వేస్తే బస్సు ముందుకి, అక్షరాలు వెనక్కి. ఎవరో జుట్టు పట్టుకుని లాగుతున్నట్టుంటుంది. దానికి ఎడమకి వాలేవి వేరే గీస్తాను. అప్పటిదాకా ఒక్క బస్సు మీదా వెయ్యకండి."

మేనేజరు తల పట్టుకున్నాడు. "ఎవరు చూస్తారండీ అవన్నీ?"

"నేను చూస్తాను" అన్నాడు ఏటవాలన్న.

చూడ్డానికి మనిషి ఉండాలిగా! గీయడం మొదలుపెట్టాడో లేదో మంచం పట్టాడు. ఇంక మా చేతుల్లో ఏమీ లేదు, ఇంటికి తీసుకెళ్లండి అన్నారు ఆస్పత్రివాళ్లు. కుంచె పట్టిన చేతికి మంచినీళ్ల గ్లాసు బరువైంది. "ఒక్కసారి బస్సు మీద చూసి పోతే చాలే" అనేవాడు, కాఫీ తాగి వెళ్తానన్నంత తేలిగ్గా.

రెండో పక్క పని ఆవిడ నెత్తిన పడింది. ఉన్న అక్షరాన్నే అటు వంచితే సరిపోతుందనుకుంది పిచ్చిది. వంచేసరికి తలకట్టు మెడ మీదకి జారింది. పుట్టుకతోనే కుడికి ఎగిసే గీత అది, ఎడమకి వాలమంటే వాలుతుందా? 'నగర'లో మూడూ బోర్లాపడ్డాయి. చెరిపింది, గీసింది, మళ్లీ చెరిపింది. ఆఖరికి అక్షరాన్ని వాల్చి, తలకట్టుని దాని మానాన వదిలేసి, కాస్త కురచ చేసింది. నిలబడింది. ప్రింటు తీసి మంచం దగ్గర పట్టుకుంటే అన్నయ్య చాలాసేపు చూశాడు.

"'గ'కి కడుపు ఎక్కువైంది" అన్నాడు.

అంటే బాగుందని. ఆవిడ బాత్రూంలోకి వెళ్లి కుళాయి తిప్పుకుని ఏడ్చింది.

మేనేజరు మంచివాడు. రంగులు ఆరగానే మొదటి బస్సుని ఇంటి ముందుకే పంపిస్తానన్నాడు. వీధి పైనుంచి రండి అని చెల్లెలు డ్రైవరుకి ఒకటికి పదిసార్లు చెప్పింది. అలా వస్తేనే కిటికీకి అన్నయ్య గీసిన పక్క కనబడుతుంది. డ్రైవరు లెక్కలో పైన అంటే డిపో ఉన్న వైపట, ఆవిడకి అది కింద. తీరా కిందనుంచి వచ్చి కిటికీ ముందు ఆపాడు. కనబడుతున్నది ఆవిడ గీసిన పక్క.

"అయ్యయ్యో, ఇది కాదన్నయ్యా! నీది అటు పక్క!" ఆవిడ కిటికీలోంచి కేకేసింది. "బాబూ, చుట్టూ తిరిగి అటునుంచి మళ్లీ రండి!"

మంచం మీద చెయ్యి కదిలింది. "మళ్లీ రమ్మనకే."

"నీ పక్క చూడవా మరి?"

"అది నాకు తెలుసుగా. ఇదే తెలీదు. ఆగి ఉంటే ఏం తెలుస్తుంది? పొమ్మను."

ఆవిడ డ్రైవరుతో "వెళ్లి రండి" అంది.

"రమ్మనకే తల్లీ" అన్నాడు అన్నయ్య, ఊపిరి అందక మధ్యలో ఆగుతూ. "పొమ్మను."

ఆ ఇంట్లో గడప దాటే మనిషిని ఎవరూ పొమ్మనరు. పాలు పోసే ఆయన్నైనా వెళ్లి రమ్మనే అంటారు. ఆ ఒక్క మాటా ఆవిడ నోరు దాటి రానంటోంది. డ్రైవరు తల బయటపెట్టి చూస్తున్నాడు. అన్నయ్య చూపు అక్షరాల మీదే ఉంది, ఎప్పుడు కదులుతాయా అని.

"పొండి" అంది ఆవిడ.

బస్సు కదిలింది. ఎడమకి వాలిన అక్షరాలు ఎడమకే పరిగెత్తాయి. "ముందుకే పోతున్నాయే" అన్నాడు ఏటవాలన్న. చివరి 'సు' కిటికీ దాటాక కూడా అటే చూస్తూ ఉన్నాడు. ఆవిడ మాత్రం బస్సుని చూడలేదు. అన్నయ్య చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, "పొమ్మన్నాను అన్నయ్యా, పొమ్మన్నాను" అంటూ వెక్కి వెక్కి ఏడ్చింది.