అత్తయ్య శాలువాకు చిరుగెక్కడ?

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆడపడుచు నలుగురికీ చెబుతుంది. ఊరికే కాదు, ఫొటో పెట్టి మరీ చెబుతుంది. సోఫాలో నోరు తెరుచుకుని నిద్రపోతున్న నా ముఖాన్ని, కింద రాసిన మా ఇంటి నంబరుతో సహా, ఆవిడగారి పేజీలో లోకమంతా చూసింది. తీసెయ్యమంటే, "చూసేది మనవాళ్ళేగా వదినా" అంది. ఆ మనవాళ్ళు వేలల్లో ఉన్నారు.

అందుకే నా పేజీ సంగతి ఇంట్లో చీమకు కూడా తెలియనివ్వలేదు. నేను బట్టల షాపులో రఫూ పని చేస్తాను. చిరిగిన చోట అదే రంగు దారాలతో, ఆనవాలు లేకుండా అల్లేస్తాను. వీడియోల్లో నా చేతులే కనిపిస్తాయి. ముఖం ఉండదు, గొంతు ఉండదు, పేరు 'సూదిపిల్ల'. నేను ఎవరి భార్యనో, ఎవరి కోడలినో అక్కడ ఎవరికీ అక్కర్లేదు. కుట్టు బాగుంటే బాగుందంటారు. నాదంటూ ఉన్న చోటు అదొక్కటే.

చిక్కల్లా చిరుగులతోనే వచ్చింది. షాపుకొచ్చే బట్టలు చూపించకూడదు, ఎవరి గుట్టు వాళ్ళది. ఇంట్లో చిరుగులన్నీ కుట్టేశాను, చివరికి మా ఆయన సాక్సులు కూడా అయిపోయాయి. ఆ పాడుబుద్ధి ఎలా పుట్టిందో గానీ, అత్తయ్య బూడిదరంగు శాలువా తీసి మూలన కత్తెరతో చిల్లు పెట్టాను. వీడియో తీస్తూ కుట్టాను, మడిచి బీరువాలో పెట్టేశాను. దానికొచ్చినన్ని మెచ్చుకోళ్ళు మరి దేనికీ రాలేదు.

ఆదివారం ఆడపడుచు ఫోను పట్టుకుని ఊడిపడింది.

"అమ్మా, ఈ సూదిపిల్ల మన వదినే. ఇది నీ శాలువా, అంచు చూడు. ఉండు, వదిన ఫొటో పెట్టి ఇప్పుడే అందరికీ చెప్తా."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఇక ఆ పేజీ నాది కాదు, అక్కడా నేను ఫలానావాళ్ళ వదిననే. నాలుగు దులపాల్సింది పోయి, చేతులు రెండూ కొంగులో దాచుకున్నాను.

అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని వీడియో ఆసాంతం చూసింది. లేచి, బీరువాలోంచి శాలువా తీసి కూతురి ఒళ్ళో పడేసింది.

"వెతుక్కో. చిరుగుంటే చూపించు."

ఆడపడుచు తిరగేసి చూసింది, మరగేసి చూసింది, కిటికీ వెలుతురులో పట్టి చూసింది. ఏమీ దొరకలేదు.

"అచ్చం ఇలాగే ఉందమ్మా" అని గొణిగింది.

"ఇలాంటిది ఒక్కటే నేశారా ఏంటి? మీ వదినకు ఇంట్లో గుండీ ఊడితే కుట్టే తీరికే లేదు, ఇంక వీడియోలొకటా. ఊరికే మనిషిని వీధిలో పెట్టకు."

మామూలు రోజైతే ఆ గుండీ మాటకు ఇల్లు ఎగిరిపోయేది. ఆ పూట మాత్రం చెవులకు ఇంపుగా ఉంది.

ఆడపడుచు మూతి ముడుచుకుని వెళ్ళిపోయింది. నేను గ్లాసులు కడుగుతుంటే అత్తయ్య వంటింటి గుమ్మంలోకి వచ్చింది. శాలువా మూలను బొటనవేలితో నిమురుతోంది, సరిగ్గా ఆ చోటే.

"కంటికి ఆనదు గానీ, వేలికి తెలుస్తుందమ్మాయ్."

"ఎప్పట్నించి తెలుసత్తయ్యా?"

"మొదటి వీడియో నుంచీ. రోజూ చూసే చేతులు గుర్తుపట్టనా?"

సిగ్గూ సంతోషమూ కలిసి నవ్వొచ్చేసింది. తడిచేతులతోనే ఆవిడను వాటేసుకున్నాను. అత్తయ్య విడిపించుకోలేదు గానీ, చెవి దగ్గర గొంతు తగ్గించి అంది:

"ఈసారి చింపాలనిపిస్తే మా చెల్లెలిచ్చిన ఎర్ర స్వెట్టరు చింపు. అది నాకు మొదట్నించీ నచ్చలేదు. కుట్టకపోయినా పర్లేదు."