నొప్పి ఆగిన పన్ను

నీలవేణి పంటినొప్పి దాచుకుని తన చావు తానే కొనితెచ్చుకుంది. భర్త అమ్మన్న ఆరేళ్లుగా అందరికీ ఇదే చెబుతున్నాడు.

ఇప్పుడు అతనికే పంటినొప్పి వచ్చి ఆగి, దవడ వాచింది. తోర్వా ఊళ్లో పళ్ల డాక్టరైన కూతురు ప్రత్యూష ఎక్స్‌రే చూపించింది.

"పంటి లోపల నరం చచ్చిపోయింది నాన్నా, అందుకే నొప్పి ఆగింది. చీము వేరులోంచి ఎముకలోకి దిగుతోంది. అమ్మకీ ఇలాగే ఆగిందా? నీకు చెప్పిందా?"

చెప్పింది. నొప్పి పోయినా మెడ వాచిందని, ఆసుపత్రికి తీసుకెళ్లమని బతిమాలింది. "నొప్పే లేనప్పుడు డాక్టరెందుకే? నాటకాలాపి కేరేజీ కట్టు" అని అతను షెడ్డుకు డ్యూటీకి పోయాడు. మూడో రోజు ఆమెకు ఊపిరాడలేదు.

"పన్ను పీకుతావా, కూపీ లాగుతావా?" అన్నాడు అమ్మన్న. "మీ అమ్మ దాచింది, చచ్చింది. ఆ మాట నేనింకెప్పుడూ మాటాడను."