సుద్ద వెల్డింగు

హోల్డరు పళ్ల మధ్య రాడ్డు ఉండాల్సిన చోట సుద్దముక్క బిగించి దొరస్వామి రుహీ చేతికిచ్చాడు.

"మణికట్టు వదులుగా పెట్టమ్మా. సుద్ద ఇరిగిందంటే రాడ్డు ఇనుముకి అతుక్కోని పని చెడినట్టే లెక్క."

రుహీ ముఖానికి కవచం అడ్డం పెట్టుకుంది. నల్లద్దం ఉంటే సుద్దగీత కనబడదని దొరస్వామి దాన్ని ఎప్పుడో తీసేశాడు. ఆమె ఇనుప పలక మీద నెమ్మదిగా గీత లాగుతుంటే అతను పక్కనే వంగి నోటితో "స్‌స్‌స్" మని చప్పుడు చేశాడు. గీత తడబడితే చప్పుడు ఆగిపోతుంది. ఈసారి పలక చివరిదాకా ఆగలేదు.

"సార్‌కి గసొస్తా ఉండాది, సాలించే" అని వెనక నుంచి ఎవరో అన్నారు. తరగతిలోని పదకొండు మందీ నవ్వారు.

రేణిగుంటలోని ఆ శిక్షణ కేంద్రంలో నాలుగు నెలలుగా వెల్డింగు అలాగే నడుస్తోంది. అసలు మిషను మూలనే ఉంది. వచ్చిన రోజు కప్పిన ప్లాస్టిక్ కవరు అలాగే ఉంది. ఆయుధపూజ నాడు దొరస్వామి పెట్టిన కుంకుమబొట్టు ఆ కవరు మీదే ఎండిపోయింది. మిషను ఢిల్లీ పథకంలో వచ్చింది. పాఠం చెప్పించేది రాష్ట్ర శాఖ. గది మునిసిపాలిటీ వాళ్ల పాత బడిది. మిషను తిరగాలంటే త్రీఫేజు కరెంటు లైను కావాలి. ఆ లైను ఎవరు వేయించాలో మాత్రం ముగ్గురి కాగితాల్లోనూ లేదు.

ఆదివారాల్లో దొరస్వామి రోడ్డుకు ఎదురుగా ఉన్న నిస్సార్ గ్రిల్ షాపులో ఒక్కొక్కరి చేత రెండేసి రాడ్లు కాల్పించేవాడు. అసలైన నిప్పు వాళ్లు చూసింది అక్కడే.

ఆ రోజు సాయంత్రం నాలుగింటికి పరీక్ష. పాసయితే రుహీకి దగ్గరలోని పైపుల ఫ్యాక్టరీలో పని సిద్ధంగా ఉంది. సోమవారంలోగా సర్టిఫికెట్ చూపించమన్నారు. ఆడపిల్లకు నిప్పుతో పనేమిటని నెల రోజులు మాట్లాడని తండ్రి ఇద్రీస్, మొన్న తనే బజారుకు వెళ్లి ఇనుప ముక్కు బూట్లు కొనుక్కొచ్చాడు. అవి ఇంకా అట్టపెట్టెలోనే ఉన్నాయి.

పరీక్ష నిస్సార్ షాపులో పెట్టుకోవచ్చని ఒక్క సంతకం దొరికితే చాలు. మూడు వారాల కిందట పెట్టిన అర్జీకి జవాబు లేదు. దొరస్వామి నామం సరిచేసుకుని, అర్జీ నకలు చొక్కా జేబులో మడిచి పెట్టుకుని తిరుపతి బస్సెక్కాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి. మెడ చుట్టూ నిప్పురవ్వల మచ్చలు, ఎప్పుడూ నీరు కారే ఎడమ కన్ను. కిటికీలోంచి కొండ కనబడగానే చేతులు జోడించాడు. ఇంత చిన్న సంగతికి స్వామిని అడగవచ్చా అని ఒక క్షణం సందేహించి, అడిగాడు.

రాష్ట్ర శాఖ ఆఫీసు కింది అంతస్తులో ఉంది. పంకజాక్షి మేడమ్ అర్జీ పూర్తిగా చదివింది. చదవకుండా పంపేసే మనిషి కాదు.

"పరీక్ష పెట్టేది మేము కాదు దొరస్వామిగారూ. అది ఢిల్లీ పథకం వాళ్లది. పైన ధనంజయ సారుంటాడు, ఆయన్నడగండి."

పద్నాలుగు మెట్లెక్కాడు. ధనంజయ కుర్చీ చూపించి, టీ పోయించాడు.

"పరీక్ష మాదే పెద్దాయనా, లేదనలా. చోటు మార్చాలంటే మాత్రం కింద వాళ్లు రాసియ్యల్ల. కేంద్రం నడిపేది వాళ్లు కదా?"

దొరస్వామి దిగాడు. మేడమ్ జాలిగా చూసింది. "చోటంటే గది కదా. గది మునిసిపాలిటీ వాళ్లది. వాళ్లు అభ్యంతరం లేదని రాసిస్తే..."

మునిసిపాలిటీకి పోయొచ్చే వేళ లేదు. మళ్లీ పైకి ఎక్కేటప్పుడు మోకాలు పట్టేసింది. టీ కుర్రవాడి ఫ్లాస్కు ఒక్కటే రెండు అంతస్తులకూ తిరుగుతోంది.

"ఒక్కసారి మీరిద్దరూ ఒకే గదిలో కూసోండి సామీ, మీకు దండం పెడతా" అన్నాడు దొరస్వామి.

ధనంజయ నవ్వాడు. "కూసోవాలంటే మీటింగు పెట్టల్ల. మీటింగు ఎవరు పెట్టాలనేదే కదా తకరారు!"

"కొండకి రెండు మెట్లదావలుండాయి. దేంట్లో పోయినా స్వామి కాడికే చేరతాం. ఈడ మూడు దావలు పెట్టినారు. యాడికీ పోవు."

ధనంజయ ఈసారి నవ్వలేదు. సంతకమూ పెట్టలేదు.

దొరస్వామి తిరిగొచ్చేసరికి నాలుగున్నర. పరీక్ష పెట్టడానికి వచ్చిన మోహన్ టాబ్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పిల్లలందరూ ఉతికిన చొక్కాలతో గోడవారన నిలబడి ఉన్నారు. దొరస్వామి ముఖం చూసి రుహీ తల దించుకుంది.

పోయిన ఆదివారం ఆమె అతికిన పలకను దొరస్వామి బల్ల మీద పెట్టాడు. మోహన్ దాన్ని వెలుతురుకు తిప్పి, అతుకు మీద బొటనవేలు పెట్టి ఆ కొస నుంచి ఈ కొస దాకా నడిపాడు.

"ఎవరిదన్నా ఇది? శానా బాగుండాది."

"ఈ అమ్మిదే. రోడ్డు దాటి రాప్పా, నీ కండ్ల ముందరే చేసి సూపిస్తాది."

"టాబు ఈ గది దాటితే ఒప్పుకోదన్నా. మిషను మీద చేసినారా, పాసో ఫెయిలో పెడతా. చేయకుంటే గైర్హాజరు. ఇంకో గడి లేదు."

"నేను ఈడే ఉండాను కదా సార్" అంది రుహీ.

మోహన్ టాబు మీదికి వంగాడు. పదకొండుసార్లు వేలితో నొక్కాడు.

"మళ్లా పరీక్ష ఎప్పుడప్పా?"

"ఆరు నెల్లకన్నా."

అప్పటిదాకా ఫ్యాక్టరీ ఆగదు. రుహీ పలకను చున్నీలో చుట్టుకుని గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి వచ్చి, దొరస్వామి కాళ్లకు దండం పెట్టి వెళ్లిపోయింది. ఇంట్లో నాయనకు ఏమని చెబుతుందో అతను అడగలేకపోయాడు.

అందరూ వెళ్లాక దొరస్వామి హాజరు పుస్తకం తెరిచాడు. ఆ రోజు గడుల్లో పదకొండు పేర్ల ఎదురుగా "హాజరు" అని ఒక్కొక్కటీ పూర్తిగా రాశాడు. అడుగున బోధకుడి గడి ఉంది. అందులో "గైర్హాజరు" అని రాశాడు. రేపటి గడిలో కూడా అదే రాశాడు. తర్వాత నెలాఖరు దాకా ఒకే గీత లాగాడు. గీత ఎక్కడా తడబడలేదు.

తాళంచెవి పుస్తకం మీద పెట్టి, తలుపు దగ్గరికి లాగి, సొంతూరికి పోయే చిత్తూరు బస్సు ఆగే వైపు నడిచాడు.

మూలన మిషను కవరు మీద హోల్డరు పడి ఉంది. దాని పళ్ల మధ్య, ఒకవైపుకు అరిగిన సుద్దముక్క విరగకుండా అలాగే ఉంది.