సాయంత్రం దాణా

హార్లన్ పీట్ బకెట్‌లో వేడినీళ్లు పోసి, కర్రతో నాలుగుసార్లు తిప్పి, మూత పెట్టాడు. ఎండిన బీట్‌దుంప తుక్కు, తవుడు, గుప్పెడు ఉప్పు. పొద్దున నానబెడితే సాయంత్రం ఐదింటికి గుజ్జవుతుంది. ముసలి గుర్రం మోజెస్‌కు ఇరవై తొమ్మిదేళ్లు. దవడ పళ్లు అరిగిపోయి గడ్డి నమలలేడు, ఉండలు చుట్టి ఉమ్మేస్తాడు. ఈ గుజ్జు ఒక్కటే వాడి తిండి.

బకెట్‌ను గేటు పక్కన పెట్టి మేత పొలంలోకి నడిచాడు. ఎండుగడ్డిని నాలుగు కుప్పలుగా, దూరదూరంగా వేశాడు. మూడు గుర్రాలకు నాలుగు కుప్పలు. ఒకటి ఇంకొకదాన్ని తరిమితే, పారిపోయినదానికి ఎక్కడో ఒకచోట ఖాళీ కుప్ప దొరకాలి. హార్లన్‌కు ఇది ఎవరూ చెప్పలేదు. ముప్ఫై ఏళ్లు గుర్రాలు తన్నుకోవడం చూసి నేర్చుకున్నాడు.

ఆడగుర్రం రూబీ, కొత్త గుర్రం రేంజర్ ఒకే కుప్ప దగ్గర నిలబడ్డాయి. ముక్కూ ముక్కూ తగులుతున్నాయి. మోజెస్ తినలేకపోయినా పక్క కుప్ప దగ్గర పెద్దమనిషిలా నిలబడ్డాడు.

హార్లన్ కంచె పక్కన బూటు మడమతో నేలను గట్టిగా పొడిచాడు. పైనున్న పెచ్చు విరిగింది. కింద ఇంకా మెత్తగానే ఉంది. అతని మొహం ముడుచుకుంది.

సెప్టెంబరులో యజమానురాలు లోరెయిన్ హాస్కెట్ ఉన్నమాట చెప్పేసింది. కొత్త గుర్రం రూబీతో కలిసిపోగానే మోజెస్‌కు నొప్పి లేకుండా పోయే ఇంజెక్షన్ ఇప్పించేద్దాం అంది. రూబీ ఒంటరిగా ఉండలేదు. తోడు లేకపోతే ఒళ్లు చీరుకుపోయేదాకా కంచె వెంట పరుగెడుతుంది. అందుకే ముందు తోడు, తర్వాత సూది. ఆమె మాటలో తప్పులేదు. కిందటి జనవరిలో మోజెస్ మంచు మీద జారిపడి తెల్లారేదాకా లేవలేకపోయాడు. వాణ్ని లేపింది హార్లనే. ఇంకో చలికాలం వాడికి వద్దు అందామె. హార్లన్ తలూపాడు.

తలూపాడు కానీ ఆ బిటర్‌రూట్ లోయ సంగతి అతనికి తెలుసు. నేల ఒకసారి గడ్డకట్టిందంటే ఏప్రిల్ దాకా ఏ యంత్రమూ గుర్రానికి సరిపడా గొయ్యి తవ్వలేదు. గొయ్యి లేకపోతే సూది లేదు.

అందుకే అబద్ధం మొదలుపెట్టాడు. పని మాత్రం పద్ధతిగా చేశాడు. రేంజర్ ఒళ్లు తుడిచిన గుడ్డను, వాసన అలవాటయ్యేలా రూబీ ముక్కు దగ్గర పెట్టాడు. తన్నినా ఎముక విరగకుండా ఇద్దరి వెనక కాళ్ల లాడాలూ తీయించాడు. కంచెకు అటూ ఇటూ నడిపించాడు. అయిదో రోజుకే వాళ్లిద్దరూ ఒకరి మూపు ఒకరు గోక్కున్నారు. అది అక్టోబరు తొమ్మిది. ఇప్పుడు నవంబరు మూడో వారం. ఇన్నాళ్లూ లోరెయిన్ వచ్చే వేళకు రేంజర్‌ను పక్క దొడ్డిలోకి తోలి గేటు వేసి, "ఇంకా తంతోందమ్మా" అంటూ వచ్చాడు.

ఆ రోజూ ఎనిమిదింటికి రేంజర్‌ను పక్క దొడ్డిలోకి తోలేశాడు. రేడియోలో రాత్రి నుంచి గట్టి చలి అన్నారు. గురువారం. ఇంకొక్క రోజు గడిస్తే చాలు.

పదింటికి లోరెయిన్ వచ్చింది. వెంట లాడాలు కొట్టే క్లైడ్ మన్రో, అతని పెట్టె.

"ఏరా హార్లన్, ఇంకా కంచెకి అటొకటి ఇటొకటేనా?" క్లైడ్ పళ్లికిలించాడు. "ఈలోపు మా మనవరాలు ఇద్దరు మొగుళ్లను మార్చిందిరా."

"రూబీ సంగతి నీకేం తెలుసు? ఒక్కటి తన్నిందంటే కాలు విరుగుద్ది."

క్లైడ్ రేంజర్ చుట్టూ తిరిగాడు. "మరి దీని ఒంటి మీద ఒక్క గాటు లేదేంట్రా?"

"నేను చూసుకుంటున్నా కాబట్టి."

లోరెయిన్ గొంతు సవరించుకుంది. "హార్లన్, నిన్ను తప్పుపట్టడం లేదు. మిజూలా పట్నం నుంచి ఒకామె సోమవారం వస్తోంది. ఇలాంటివి వారంలో కలిపేస్తుందట. నీకూ వయసైంది కదా."

సోమవారానికి నేల రాయైపోతుంది. నోరు మూసుకుంటే చాలు. హార్లన్ మూసుకునే ఉన్నాడు.

"పోన్లేరా," అన్నాడు క్లైడ్. ఈసారి నవ్వలేదు. నిజంగానే జాలిపడ్డాడు. "చెయ్యి పోయింది, పాత పనితనం లేదు. ఎప్పుడోకప్పుడు అందరికీ పోయేదే."

హార్లన్‌కు అరవై రెండేళ్లు. కొట్టం వెనక రేకుల ట్రైలర్‌లో ఇరవై ఆరేళ్లుగా ఉంటున్నాడు. పెళ్లాం డోరీన్ వెళ్లిపోయి పంతొమ్మిదేళ్లు. వెళ్లేటప్పుడు ఆమె గొడవ కూడా పెట్టుకోలేదు. అతనికి పొలం లేదు, పిల్లల్లేరు. చర్చిలో అతని పేరు అడిగితే నలుగురు తడుముకుంటారు. అయితే లోయలో ఎవరి పొలంలోకి కొత్త గుర్రం వచ్చినా ఫోను అతనికే వచ్చేది. "పీట్‌ను పిలవండి, అతను కలిపేస్తాడు." అరవై రెండేళ్లలో అతని గురించి జనం చెప్పుకున్న మంచిమాట అదొక్కటే.

అతని చెయ్యి గేటు గడియ మీదికి వెళ్లింది.

"చెయ్యి పోయిందా?" అన్నాడు. "చూడు."

గేటు తోశాడు. రేంజర్ తాపీగా పొలంలోకి నడిచాడు. రూబీ తలెత్తింది, చెవులు ముందుకు పెట్టింది, ఎదురొచ్చింది. పళ్లతో రేంజర్ మూపు గోకడం మొదలుపెట్టింది. రేంజర్ కళ్లు సగం మూసుకున్నాడు.

క్లైడ్ ఈల వేశాడు. "ఓరి నీ! ఒక్క తన్ను లేదురా!"

హార్లన్ ఛాతీ కాస్త పొంగింది. మూడు క్షణాలు పొంగే ఉంది.

"ఎప్పటి నుంచి ఇలా ఉన్నాయి, హార్లన్?" లోరెయిన్ మెల్లగా అడిగింది.

హార్లన్ వంగి గేటు గడియ వేశాడు. ఆమె ఫోను తీసింది. "రాత్రికి నేల గడ్డకడుతుందంటున్నారు. ఇవాళే అయిపోతే మంచిది."

ఒంటిగంటకు గొయ్యి తవ్వే యంత్రం వచ్చింది. మట్టి నల్లగా, మెత్తగా, వెన్నలా లేచింది. రెండింటికి పశువుల డాక్టరు ప్రూ ఆన్సెల్ వచ్చింది.

"తాడు ఎవరైనా పట్టుకోవాలి," అంది.

"నేనే పట్టుకుంటా డాక్టరమ్మా."

మోజెస్ అతని కోటు జేబు ముక్కుతో తడిమాడు. అందులో ఏమీ లేదు. హార్లన్ ఆ జేబులో చెయ్యి పెట్టి చూసుకున్నాడు, తనకే తెలియనట్టు. సూది గుచ్చాక మోజెస్ ఒకసారి పొడుగ్గా ఊపిరి వదిలాడు. ముందుకాళ్లు మడిచాడు. చాలా కాలంగా పడుకుందామనుకుంటున్నవాడిలా పడుకున్నాడు.

"రూబీకి చూపించాలి," అన్నాడు హార్లన్. "వాసన చూస్తేనే పోయాడని నమ్ముతాయి. లేకపోతే వారం రోజులు వెతుకుతూ అరుస్తాది."

లోరెయిన్ సరేనంది. హార్లన్ రూబీని నడిపించుకొచ్చాడు. పదకొండేళ్లు మోజెస్ పక్కనే మేసిన గుర్రం అది. వాడి మెడ దగ్గర ఒకసారి, ముక్కు దగ్గర ఒకసారి వాసన చూసింది. తల తిప్పి రేంజర్ కోసం చూసింది. తాడు వదలగానే గడ్డి కుప్ప దగ్గరికి వెళ్లిపోయింది. ఒక్కసారైనా సకిలించలేదు.

ఒళ్లు తెలియని కోపం వచ్చింది హార్లన్‌కు. దానికి అంత బాగా అలవాటు చేసింది తనే.

క్లైడ్ పెట్టె ట్రక్కులో పడేసి, వెళ్తూ వెళ్తూ భుజం తట్టాడు. "ఏమనుకోకురా. నీ చెయ్యే చెయ్యి. అందరికీ చెప్తా."

"చెప్పొద్దు," అన్నాడు హార్లన్.

ట్రక్కు ఇంజను మోతలో ఆ మాట క్లైడ్‌కు వినపడలేదు.

గొయ్యి పూడ్చి యంత్రం వెళ్లిపోయింది. లోరెయిన్ కళ్లు తుడుచుకుంటూ ఇంట్లోకి నడిచింది. మిగతా పని మామూలే. నీళ్ల తొట్టి కడిగాడు. రెండు గుర్రాలకు మూడు కుప్పలు వేశాడు. ఐదు కావస్తుంటే కాళ్లు వాటంతటవే గేటు దగ్గరికి వెళ్లాయి. వంగి బకెట్ మూత తీశాడు. మూత చేత్తోనే పట్టుకుని ట్రైలర్ వైపు వెళ్లిపోయాడు.

బకెట్‌లో దాణా అంచుదాకా ఉబ్బి ఉంది, దాని మీద అద్దంలా సన్నటి మంచుపొర కడుతోంది.